సముద్రము దాటుటకు ముందు స్వగ్రామమున కొన్ని దినములు



గ్రామములందలి పెద్దలతో కొంతసేపు ముచ్చటింపుమని నన్ను కోరినప్పుడు, ఏ పురాణకథనో, ఏ వ్యాకరణవిషయమునో యెత్తుకొందమని మొదట తలంచితిని. కాని మా యింట ఇటీవల జరిగిన యొక సంగతి నా మనస్సును విడువకున్నది. అది మా యింటికి మాత్రమే చెందినది కాదు. విశాఖపట్టణము చుట్టుపట్ల పల్లెలలో కొడుకునో అల్లునినో నౌకాదళమునకో సైన్యమునకో యిచ్చిన ప్రతి గృహస్థునకు నేడో రేపో ఎదురగునదియే. ఉద్యోగరీత్యా సముద్రము దాటి పోవలసిన సైనికుడు, ఆ ప్రయాణమునకు ముందు భార్యాబిడ్డలతో స్వగ్రామమునకు వచ్చి కొన్ని దినము లుండి పోవును. ఆ దినము లేల అంత తక్కువగా నుండును? పెద్దలమైన మనము వానిని ఎట్లు వినియోగించుకొనవలెను? తెలియక ఎట్లు పాడుచేసికొనుచున్నాము? ఈ మూడు ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయము.

మాది భీమునిపట్టణమునకు కొంత దూరమున నున్న పల్లె. ముప్పదినాలుగేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొంటిని. మా అల్లుడు నౌకాదళమున నున్నాడు. ఆయనను మారిషస్ ద్వీపమునకు పంపుచు ఉత్తరువు వచ్చినది. భార్యను, ఏడేండ్ల కుమారుని, నాలుగేండ్ల కుమార్తెను వెంట గొనిపోవుటకు అనుమతియు వచ్చినది. వారు ముంబయినుండి వచ్చి శ్రీకాకుళము జిల్లాలోని మా వియ్యంకులవారింట పదునొకండు దినములును, మా యింట తొమ్మిది దినములును ఉండిరి. ఆ తొమ్మిది దినములలో మేము చేసిన తప్పులును, దిద్దుకొన్న తప్పులును చెప్పుదును. ముందుగా విషయము నర్థము చేసికొనుటకు వలసిన సంగతులు కొన్ని వినుడు.

మన విశాఖపట్టణ మొకప్పుడు చిన్న పట్టణము. 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' యను ఓడ లోపలి రేవున ప్రవేశించుటతో నేటి ఓడరేవు ఆరంభమైనది. 1941లో బాబూ రాజేంద్రప్రసాదుగారు ఓడల నిర్మాణశాలకు శంకుస్థాపనము చేసిరి. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు వచ్చి పట్టణముపై బాంబులు వేసినవి. 1948 మార్చిలో ఆ నిర్మాణశాలలో తయారైన 'జలఉష' యను ఓడను నెహ్రూగారు నీట దింపిరి. 1968 మార్చి 1వ తేదీన తూర్పు నౌకాదళ కమాండు ఏర్పడినది. ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీగారు పునాదిరాయి వేసిరి. 1992 ఆగస్టు 1వ తేదీన పి.వి. నరసింహారావుగారు దానిని జాతి కంకితము చేసిరి. ఇట్లు రేవును, నౌకాదళమును, ఉక్కును ఒకదానివెంట నొకటి వచ్చి దేశములోని అన్ని ప్రాంతములవారిని ఇచ్చటికి రప్పించినవి. మన బిడ్డలను అన్ని ప్రాంతములకును పంపినవి.

దీనివలన మన యిండ్లలో కలిగిన మార్పు నొకదానిని గుర్తింపవలెను. నౌకాదళమువారి నివాసములలో పంజాబీ బిడ్డయు, మలయాళ బిడ్డయు, వంగదేశపు బిడ్డయు, తెనుగు బిడ్డయు ఒక్కచోట ఆడుకొందురు. ఆ నలువురకు ఉమ్మడి భాష హిందీ. బడిలో ఇంగ్లీషు. తండ్రికి రెండు మూడేండ్ల కొక బదిలీ. మా మనుమడు విశాఖలోని కల్యాణి నౌకాదళ ఆసుపత్రిలో పుట్టెను. కొచ్చిలో మాటలు నేర్చెను. ముంబయిలో బడికి పోయెను. తల్లి యన్నము పెట్టునప్పుడు పలుకు మాటలే వాని తెనుగు. అది వాని తప్పు కాదు, తల్లిదండ్రుల యలక్ష్యమును కాదు. నీరు ఏ పాత్రలో పోసిన ఆ రూపు దాల్చును గదా!

ఇక విదేశమునకు పోవుట రెండు విధములు. ఓడపై దూరసముద్రములకు పోవువారును, ఐక్యరాజ్యసమితి పక్షమున శాంతిరక్షణకు పోవువారును కుటుంబమును వెంట గొనిపోరు. అట్టియెడ భార్యాబిడ్డలు ఇచ్చటనే నిలుతురు. ఒక్కొక్కప్పుడు మన యింటనే యుందురు. రెండవది, మన రాయబార కార్యాలయములందును, మిత్రదేశముల సేనలకు తోడ్పడుటకును పోవుట. ఇందు చాలవరకు కుటుంబము వెంట పోవచ్చును. మా అల్లునిది ఈ రెండవ విధము. మారిషస్ దేశమున 1987లో జాతీయ తీరరక్షకదళ మేర్పడినది. దానికి మన నౌకాదళమువారు మొదటినుండియు తోడ్పడుచున్నారు. మన నౌకాదళాధికారి యొకరు దానికి నాయకుడుగా పోవుట వాడుక. ఇతరులును కొందరు పోవుదురు.

ఉత్తరువు వచ్చినది మొదలు ఆ కుటుంబమునకు ఊపిరి సలుపదు. చంటిబిడ్డతో సహా ప్రతి వ్యక్తికిని వేరుగా పాసుపోర్టు కావలెను. ప్రభుత్వపు పనిమీద పోవువారికి ఇచ్చునది తెల్లని అట్ట గలది. మనకు సామాన్యముగా ఇచ్చు నీలపుటట్టది కాదు. వైద్యపరీక్షలు, టీకాలు ఉండును. ఆఫ్రికాలోని కొన్ని దేశములకు పోవువారు పచ్చజ్వరపు టీకాను ప్రయాణమునకు పది దినములైన ముందుగా వేయించుకొనవలెను. తొమ్మిది నెలలు నిండని శిశువునకు ఆ టీకా సామాన్యముగా వేయరు. బడినుండి పిల్లల బదిలీపత్రములు తెచ్చుకొనవలెను. ప్రభుత్వపు ఇల్లు ఖాళీచేసి అప్పగింపవలెను. చేయుచున్న పనిని మరియొకరికి అప్పగింపవలెను. సైనికునకు సాలుకు అరువది దినముల సెలవున్నదని మనము లెక్కపెట్టుకొందుము. కాని అందులో కొంత మునుపే వాడుకొని యుండును; మిగిలినదానిలో కొంత ఈ పనులకు పోవును. తక్కినది ఇరువది దినములైనను మిగిలిన అదృష్టమే.

ఆ ఇరువదిని రెండిండ్లవారు పంచుకొనవలెను. ఇచ్చటనే మన మొదటి తప్పు మొదలగును. "అక్కడ పదకొండు రోజులు, మాకు తొమ్మిదేనా?" అని నేనును అంటిని. అమ్మాయి బదులు చెప్పలేదు. తలవంచుకొని పెట్టె సర్దుకొనెను. ఆ మాట నోట వెడలిన వెంటనే నాకు సిగ్గు కలిగినది. తొమ్మిది దినములకు వచ్చినవారితో, రాని రెండు దినములనుగూర్చి తగవులాడుట యెంత తెలివితక్కువ! ఆ తగవుతో ఉన్న తొమ్మిదిలో ఒకటి చెడినది.

రెండవ తప్పు పూర్తిగా నాదే. మనుమనికి తెనుగు రాదని నాకు లోలోపల బాధగా నుండెను. ఇన్నేండ్లు ఊరివారి బిడ్డలకు అక్షరములు దిద్దించిన నేను, నా మనుమడు 'ళ' కారమును పలుకలేకుండుట చూడలేకపోతిని. వచ్చిన రెండవనాడే పలక తెచ్చి ముందర పెట్టితిని. ఉదయమొక గంట, సాయంకాల మొక గంట పాఠము. తప్పు పలికినప్పుడు దిద్దితిని. ఒకసారి వచ్చిన బంధువులయెదుట, "మాస్టారి మనవడివి, నీకీమాత్రం రాదా?" అని నవ్వుచు అంటిని. నేను నవ్వితిని గాని వాడు నవ్వలేదు. మరునాటినుండి నేను వరండాలోనికి వచ్చిన వాడు పెరటిలోనికి పోవును. పెరటిలోనికి పోయిన తల్లికొంగు చాటునకు పోవును. మూడు దినములు వాడు నాతో ఏ భాషలోను మాట్లాడలేదు. తొమ్మిదింటిలో మూడు దినములు!

అయిదవనాడు నా భార్య వానిని పిలిచి, "బాబూ, దూడకు కుడితి పెట్టాలి, నాతో రా" అని చెప్పి గొనిపోయెను. ఆమె బడి చదువు చదివినది కాదు. పాఠము చెప్పవలెనను తలంపును ఆమెకు లేదు. చేతనిండ పని యుండి తోడు కావలసి పిలిచినది, అంతియే. వాడు బిందె పట్టుకొనెను. "పలుపు విప్పు" అన్నది. ఏది పలుపో చూపినది. "గాటికొయ్యకు కట్టు" అన్నది. "ఎండుగడ్డి వెయ్యి, పచ్చగడ్డి వద్దు" అన్నది. సాయంకాలమునకు వానికి కుడితి, పలుపు, గాటికొయ్య, ఎండుగడ్డి అను మాటలు వచ్చినవి. పలకమీద ఒక్క అక్షరమైనను వ్రాయలేదు. మరునాడు వాడే వచ్చి, "అమ్మమ్మా, దూడ పలుపు తెంపేసింది!" అని కేక వేసెను. ఆ వాక్యమున కర్త యున్నది, కర్మ యున్నది, క్రియ యున్నది. వ్యాకరణము చదివిన నాకు అది యొక పాఠమైనది. చిన్నబిడ్డకు భాష పనితో కూడి వచ్చును. పరీక్షతో కూడి వచ్చినచో పారిపోవును.

ఆ దినమున నేనును మార్గము మార్చుకొంటిని. వానిని విశాఖకు గొనిపోయి సముద్రతీరమున నున్న కురుసుర జలాంతర్గామిని చూపింపుమంటిని. చూపుటకు నేను పోలేదు, చూపించుకొనుటకు పోయితిని. ఆ నౌక సోవియటు దేశమున నిర్మింపబడి, 1969 డిసెంబరులో మన నౌకాదళమున చేరి, 2001 వరకు పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా ఒడ్డునకు చేరినది. పొడవు సుమారు 91 మీటర్లు. లోపలి గొట్టములును, చక్రములును, ఇరుకు మంచములును చూచి నాకు దిక్కు తెలియలేదు. మనుమనికి మాత్రము అన్నియు తెలియును, తండ్రి చెప్పియున్నాడు. "తాతగారూ, ఇది నీళ్ళలోంచి పైకి చూసేది" అని వాడు నాకు చెప్పెను. మాట తెలియనిచోట హిందీలో చెప్పెను. ఆ మాటకు తెనుగు నేనిచ్చితిని. వాడు దానిని వెంటనే తన వాక్యములో పెట్టుకొనెను. ఆ దినమున వాడు గురువు, నేను శిష్యుడను. ఇంటికి వచ్చునప్పుడు బస్సులో నా భుజముమీద తల పెట్టి నిద్రపోయెను.

పెద్దలకు నేను చెప్పదలచిన దేమన: సైనికుని బిడ్డ మన యింటికి ఖాళీచేతులతో రాడు. వానికి తెలిసిన లోకమొకటి యున్నది. దానిని మనము వినినచో, మన లోకమును వాడు వినును.

మూడవ తప్పు మే మిద్దరము కలిసి చేసినది. నా భార్యకు ఏడాదిగా చక్కెరవ్యాధి యున్నది. "సముద్రం దాటి వెళ్ళే పిల్లకు ఈ దిగులెందుకు? చెప్పవద్దు" అని ఆమె నాతో ప్రమాణము చేయించుకొనెను. మందులను ఆవకాయ జాడీల వెనుక దాచెను. ఏడవనాడు అమ్మాయి జాడీ తీయబోయి ఆ మందులను చూచినది. ఏడ్చినది, తరువాత ఒకే మాట అన్నది: "నాన్నగారూ, ఎదురుగా ఉన్నప్పుడే దాచారు. రేపు ఫోనులో 'బాగున్నాం' అంటే నేనెలా నమ్మాలి?"

ఆ ప్రశ్నకు నావద్ద బదులు లేకపోయినది. మనము బిడ్డల మేలు కోరియే దాచుదుము. కాని దూరమున నున్నవారికి మన మాట యొక్కటే ఆధారము. ఆ మాటపై నమ్మకము పోయినచో, నిజముగా మనము బాగున్నప్పుడును వారికి నిద్ర పట్టదు. ఆ రాత్రి కూర్చుండి వైద్యుని చీటీలు, పరీక్షల కాగితములు అన్నియు అమ్మాయికి చూపితిమి. ఎవరు వైద్యుని వద్దకు తోడు పోవలెనో, అవసరమైన ఎవరికి కబురు పంపవలెనో వ్రాసికొంటిమి. "మంచి వార్తైనా చెడ్డ వార్తైనా ఉన్నదున్నట్టు చెప్తాం" అని నా భార్య కూతురి చేతిలో చేయి వేసినది. ఆ తరువాతనే అమ్మాయి ముఖమున కళ వచ్చినది.

సైనికుని తల్లిదండ్రులు వాని సంపాదనపై ఆధారపడినవారైనచో, నియమములకు లోబడి సైనిక ఆసుపత్రులలో వైద్యము పొందుట కర్హులు. కాని దానికి వలసిన గుర్తింపుకార్డులును కాగితములును సరిగా నున్నవో లేవో అతడు ఇచ్చట నున్నప్పుడే చూచుకొనవలెను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయ మని యొకటి యున్నది. అది విశ్రాంతి పొందినవారికి మాత్రమే యని పలువురు తలంతురు. పనిలో నున్న సైనికుల కుటుంబములకు కలుగు చిక్కులను గూడ అచ్చట చెప్పుకొనవచ్చును. ఆ కార్యాలయ మెచ్చట నున్నదో తెలిసికొని యుండుట మంచిది.

ఇక పొలము, ఇల్లు, పంపకముల సంగతి. దీనిని కడపటి రాత్రికి మిగుల్చువా రనేకులు. భోజనమైన తరువాత అన్నదమ్ములు కూర్చుండి మొదలుపెట్టుదురు. తెల్లవారుజామున కారు వచ్చును. మాట తెగదు, మనసులు మాత్రము తెగును. అట్లు కారాదు. పంపకమును తేల్చుకొనదలచినచో మొదటి దినములలో పగటిపూట పెద్దలయెదుట మాటలాడవలెను. తేలనిచో తిరిగి వచ్చినప్పుడు చూచుకొందమని వాయిదా వేయవలెను. అతని బదులు ఎవరైన సంతకము చేయవలసి వచ్చునని తోచినచో, అధికారపత్రమును, అనగా పవరాఫ్ అటార్నీని, ఇచ్చటనే రిజిస్ట్రారు కార్యాలయమున వ్రాయించుట సులభము. విదేశమునకు పోయిన తరువాత వ్రాయవలసి వచ్చినచో, అచ్చటి మన రాయబార కార్యాలయమున ధ్రువీకరింపించి పంపవలెను. అది మన దేశమునకు చేరిన మూడు నెలలలోగా ఇచ్చట ముద్రసుంకము చెల్లింపవలెను. ఈ గడువు తెలియక కాగితములను పెట్టెలో నుంచినవారు చిక్కుల పాలగుదురు. ఏ పని చేయుటకు అధికార మిచ్చుచున్నారో ఆ పనిని స్పష్టముగా వ్రాయవలెను; "సమస్త వ్యవహారములకు" అని వ్రాయించుకొనుట ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని క్షేమము కాదు.

బంధుదర్శనమును గూర్చి ఒక మాట. చిన్నబిడ్డలను ఎండలో ఊరూరు త్రిప్పుట మన వాడుక. పినతల్లి యింటికి పోయిన మేనత్తకు కోపము. మేనత్త యింటికి పోయిన పెదతండ్రికి కోపము. మా యింట ఒక ఆదివారమున అందరికిని భోజనమునకు కబురు పంపితిమి. వచ్చినవారు వచ్చిరి. బిడ్డలు అలయలేదు. సింహాచలమునకు మాత్రము అందరము పోయితిమి. వైశాఖశుద్ధ తదియనాటి చందనోత్సవమున చంటిబిడ్డలతో ఆ జనసమ్మర్దములో పోవుట కష్టము. కావున మామూలు దినమున తెల్లవారగనే పోయి దర్శించుకొని వచ్చితిమి. గుడిమెట్లు దిగుచు మా అమ్మాయి, "అక్కడ అప్పన్న ఉండడు గదా, నాన్నగారూ" అని నిట్టూర్చినది.

శ్రోతలారా, ఈ మాటకు సమాధానముగా నే నామెకు చెప్పిన చరిత్రమును మీకును చెప్పుదును.

మారిషస్ మన విశాఖకు నైరుతిదిక్కున సుమారు 5 వేల కిలోమీటర్ల దూరమున హిందూమహాసముద్రములో నున్నది. బానిసత్వము రద్దైన పిమ్మట అచ్చటి చెరకుతోటలలో పనిచేయుటకు 1834 మొదలు మన దేశమునుండి కూలీలను ఒప్పందముపై గొనిపోయిరి. 1920 నాటికి వారి సంఖ్య నాలుగున్నర లక్షలు దాటినది. అందు ఎక్కువమంది బీహారు ప్రాంతమువారు. మన తీరమువారును పోయిరి. 1843లో గోదావరీముఖమున నున్న కోరంగి రేవునుండి ఒక ఓడ తెనుగువారిని గొనిపోయినది. విశాఖపట్టణము, గంజాము, గోదావరి జిల్లాల పల్లెలనుండి పోయినవారును కలరు. పోర్టులూయీ రేవున వారు దిగిన ఘట్టము నేటికిని నిలిచియున్నది, పదునారు మెట్లుండును. దానిని 2006లో ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించిరి.

వారికి ప్రయాణమునకు ముందు ఇరువది దినముల సెలవు లేదు. రెండిండ్లవారు పంచుకొనుటకు దినములు లేవు. పోయిన తరువాత జాబులు వ్రాయుటకు పలువురకు చదువు లేదు. కొందరు తిరిగి వచ్చిరి, అనేకులు రాలేదు. వీడ్కోలు చెప్పిన తల్లిదండ్రులలో ఎందరికి బిడ్డల వార్త మరల చేరినదో భగవంతునికే యెరుక. అయినను, నూటయెనుబదియేండ్ల తరువాత నేటికిని, ఆ ద్వీపమున తెనుగువారు సింహాద్రి అప్పన్నను పూజించుచున్నారు. అమ్మోరు పండుగ చేయుచున్నారు. రామభజనలు పాడుచున్నారు. ఉగాది అచ్చట దేశమునకంతకును సెలవుదినము. అప్పన్న, అప్పడు అను మన పల్లెల పేర్లు అచ్చట ఇంటిపేర్లై నిలిచినవి. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపముననే జరిగినవి. మన పెరటి మునగాకును అచ్చటివారును వండుకొందురు.

ఇదంతయు విని మా అమ్మాయి సంతోషించినది. కాని బడిపంతులు సగము చెప్పి ఆగరాదు. తక్కిన సగమును వినుడు. అచ్చటి తెనుగువారిలో ఎక్కువమంది నేడు ఇంట మాట్లాడునది క్రియోలు భాష. బడులలో తెనుగు నేర్పుచున్నారు. మహాత్మాగాంధీ సంస్థలోను నేర్పుచున్నారు. అయినను అది వారికి నేర్చుకొనవలసిన భాషయే యైనది. దేవుడు నిలిచెను, పండుగ నిలిచెను, పాట నిలిచెను. నిత్యము వంటయింటిలో పలుకు మాట చాలవరకు జారిపోయినది. పండుగ యేటి కొకసారి వచ్చును. కావున యేటి కొకసారి చేసినను నిలుచును. మాట యట్లు కాదు. దినదినము వాడినగాని నిలువదు. ఆ నిరుపేదలు తమకు చేతనైనంత నిలుపుకొనిరి. మనకు వారికి లేని సాధనములున్నవి. అరచేతిలో పట్టు యంత్రమున మనుమని ముఖమును చూచుచు మాటలాడగలము. కాబట్టి మనకు సాకు లేదు.

మేము చేసికొన్న యేర్పాటు నిది. మారిషస్ గడియారము మన గడియారమునకు గంటన్నర వెనుక. మనకు ఉదయము తొమ్మిదిన్నర యైనప్పుడు అచ్చట ఎనిమిది. ప్రతి ఆదివారము ఆ వేళకు మేము మాట్లాడుకొందుము. "ఏమి చదివితివి, ఎన్ని మార్కులు" అని అడుగరాదని నాకు నేనే నియమము పెట్టుకొంటిని. దూడ యేమి చేసినదో మేము చెప్పవలెను. సముద్రమున ఏమి చూచిరో వారు చెప్పవలెను. అమ్మమ్మ యొక కూర చేయు విధమును అమ్మాయికి గాక మనుమనికే చెప్పవలెను. వాడు తల్లికి చెప్పి చేయించవలెను. ఇట్లు మాటకు పని యుండవలెను.

మూటముల్లెల విషయమున పెద్దలకు మనవి. ద్వీపదేశములవారు తమ పంటలను తెగుళ్లనుండి కాపాడుకొనుటకు విత్తనములు, మొక్కలు, పండ్లు విషయమున కఠినముగా నుందురు. మామిడిపండ్లను, తులసిమొక్కను, విత్తనముల పొట్లములను తెలియకుండ పెట్టెలలో దూర్చరాదు; రేవున పట్టుబడి చిక్కుపడువాడు మన అల్లుడు. ఏది తేవచ్చునో వారినే అడిగి, వారు వలదన్నదానిని మానుట ప్రేమకు లోపము కాదు. అచ్చట మనకు చలికాలమైనప్పుడు ఎండకాలము, మనకు ఎండకాలమైనప్పుడు చలికాలము. బట్టలు పంపునప్పుడు ఇదియు గుర్తుంచుకొనవలెను.

కడపటి దినమున నాలుగేండ్ల మనుమరాలు తెరచియున్న పెట్టెలో కూర్చుండి, "అమ్మమ్మా, నువ్వు ఇందులో పడతావా?" అని అడిగినది. ఇట్టియెడ మనము, "రేపు వస్తాము" అని చెప్పి బిడ్డను ఏమార్చుట వాడుక. రేపు వచ్చును, మనము పోము. బిడ్డ కనిపెట్టుకొని యుండి మోసపోవును. నా భార్య, "పట్టనమ్మా. నేను ఇక్కడే ఉంటాను. ఆదివారం ఆదివారం నీతో మాట్లాడతాను" అని చెప్పినది. చిన్నది కొంతసేపు ఏడ్చి ఊరకున్నది. నిజము విని ఏడ్చిన ఏడుపు తొందరగా తీరునని నాకు తోచినది.

అల్లుడు నాకు నమస్కరించి, "మామయ్యగారూ, మూడేళ్ళు" అనెను. నేను, "వెళ్ళి రండి బాబూ" అంటిని. అంతకంటె ఎక్కువ మాటలాడినచో నా గొంతు నిలిచియుండెడిది కాదు. కారు చింతచెట్టు మలుపు తిరుగువరకు చూచి, లోనికి వచ్చి చూచితిని గదా, పలక నేను పెట్టినచోటనే యున్నది. దానిమీద మనుమడు ఎప్పుడో నాకు తెలియకుండ వంకర యక్షరములతో 'దూడ' అని వ్రాసియుండెను. డకారమునకు దీర్ఘము పెట్టెను. దానిని నేను దిద్దలేదు.

మొదటి ఆదివారము ఉదయము తొమ్మిదిన్నరకు మేమిద్దరము యంత్రము ముందు కూర్చుంటిమి. అది మ్రోగినది. మనుమని ముఖము కనబడినది. వెనుక కిటికీలో సముద్రము. నమస్కారము, కుశలప్రశ్న యేమియు లేదు.

"అమ్మమ్మా! దూడ మళ్ళీ పలుపు తెంపిందా?"

ఉన్నదున్నట్టు చెప్పుటకు మాట యిచ్చియున్నాము గనుక, తెంపినదనియు, పక్కింటివారి బచ్చలిపాదు మేసినదనియు నా భార్య చెప్పినది. ఆ తగవు యెట్లు తీరినదో చెప్పునప్పటికి మా యరగంట గడచిపోయినది.